ఎడమ చివరి డిస్కు

డెబ్బై ఒకటి. ఇందాక చూసినప్పుడూ డెబ్బై ఒకటే, అంతకు ముందూ డెబ్బై ఒకటే, అంటే నేను చూస్తున్నంతసేపూ ఇది కదలదన్నమాట, తల తిప్పుకుంటే సిగ్గు విడిచి కాస్త కదులుతుందేమోనని గోడవైపు తిరుగుతాను, గోడ మీద మా పళ్ళ కాలేజీ గ్రూపు ఫోటో, పళ్ళ డాక్టర్లు కాబోయేవాళ్ళంతా నోళ్ళు బిగించుకుని నిలబడ్డారు, ఒక్కడంటే ఒక్కడు పళ్ళు కనిపించేలా నవ్వలేదు, మళ్ళీ తిరిగి తెర వైపు చూస్తే డెబ్బై ఒకటే. ముక్కాలి పీట మీద కంప్యూటరు పెట్టె, దాని ముందు భాగంలో పక్కపక్కనే నాలుగు అరలు, అరకొక డిస్కు, ఎదురుగా టేబుల్ ఫ్యాను పూర్తి స్పీడులో. ఇంత ఉక్కలోనూ ఆ ఫ్యాను నా వైపు తిప్పుకునే ధైర్యం లేదు నాకు. పెట్టె నెత్తిన చెయ్యి వేసి కూర్చున్నాను. వేడి చూస్తున్నానని మా ఆవిడతో చెప్పాను కానీ ఇది వేడి చూడడం కాదు, నా వృత్తిలో అలవాటైన పని. కుర్చీలో వణికే మనిషి భుజం మీద చెయ్యి వేసి ఏం లేదండీ, అయిపోవచ్చింది అంటాను, అయిపోవచ్చిందేమీ ఉండదు, అది నాకూ తెలుసు వాళ్ళకీ తెలుసు, అయినా ఆ మాటకి వాళ్ళ భుజాలు కిందికి దిగుతాయి. దీనికి దిగడానికి భుజాలు లేవు. లోపల ఏదో గరగరమంటోంది, అది పని చేస్తున్న గరగరో ప్రాణం పోతున్న గరగరో చెప్పేంత చదువు నేను చదువుకోలేదు.

ఇందులో ఉన్నది ఒక పుస్తకం. నేను రాసింది కాదు, మా ఆవిడ చదివింది. మనిషి ఒంట్లో ఎముకలూ కీళ్ళూ కండరాల మీద ఇటుకంత పాఠ్యపుస్తకం, పుర్రె దగ్గర మొదలై పాదం దగ్గర ముగుస్తుంది, దాన్ని నెలల తరబడి మైకు ముందు కూర్చుని గట్టిగా చదివి రికార్డు చేసింది, చూపు లేని ఒక అమ్మాయి కోసం. ఆ అమ్మాయి ఫిజియోథెరపీ చదువుతోంది, ఈ వారంలోనే పరీక్ష, మధ్యాహ్నం బస్సుకి వచ్చి రికార్డింగు పట్టుకెళ్తానంది. పట్టుకెళ్ళడానికి అది ఉండాలి కదా. ఉందో లేదో ఈ ఆకుపచ్చ గీత నూరు శాతం దాకా వెళ్తే తప్ప తెలియదు. ఇంకో కాపీ లేదు. ఎందుకు లేదంటే, మా ఆవిడ అడిగింది, అడగకపోలేదు, ఏవండీ దీన్ని ఇంకెక్కడైనా కూడా దాచాలా అని, నేను నవ్వాను. ఆ నవ్వు ఇప్పుడు తలుచుకుంటే నా పళ్ళు నేనే రాలగొట్టుకోవాలనిపిస్తుంది. నాలుగు డిస్కులు పెట్టాక ఇంకో కాపీ ఏంటి నీ చాదస్తం అన్నాను, అది కూడా కుర్చీలో వెనక్కి వాలి, కాలు మీద కాలు వేసుకుని.

ఆవిడది మామూలు గొంతు కాదు. ఉద్యోగం చేసినన్నాళ్ళూ రైల్వే స్టేషన్లో అనౌన్సరు, ఊరు ఊరంతటికీ ఆలస్యం అనే మాట పరిచయం చేసింది ఆవిడే. ఏ రైలు ఎంత లేటో ఏ మాత్రం మొహమాటం లేకుండా చెప్పేది, చింతిస్తున్నాం అనే మాట కూడా చింత లేని గొంతుతో అనేది, ప్లాట్‌ఫారం మీద జనం ఆవిడ్ని తిట్టుకుంటూనే ఆవిడ చెప్పినట్టు మెట్లెక్కి అటు పరిగెత్తేవాళ్ళు. నేనూ పరిగెత్తినవాణ్ణే, ఆవిడెవరో తెలియక ముందు. జ్ఞానదంతం వాచి నా దగ్గరికి వచ్చినప్పుడు ఆవిడ నోట్లో దూది ఉంది, రెండోసారి వచ్చినప్పుడూ ఉంది, ఎంత నెమ్మదస్తురాలో, ఎంత తక్కువ మాట్లాడుతుందో అని నేను ముచ్చటపడ్డాను, మనసు కూడా పారేసుకున్నాను, దూది తీశాక గదంతా స్టేషనైపోయింది. ఇప్పుడు అదే గొంతుతో తొడ ఎముక, మోకాలి చిప్ప అంటుంటే ఒక్కో ఎముకా వేళ తప్పకుండా వచ్చి ప్లాట్‌ఫారం మీద ఆగినట్టుంటుంది. ఆ రికార్డింగు నెలల్లో ఈ ఇంట్లో నేను బతికిన బతుకు పగవాడికి కూడా వద్దు, దగ్గకూడదు, కుర్చీ జరపకూడదు, చెప్పులు విడిచి నడవాలి, తలుపు గడియకి కూడా నూనె రాశాను. కుక్కిన పేనులా పడి ఉన్నాను. ఇవాళ నా వంతు వచ్చింది, పొద్దుటి నుంచి నేను అందర్నీ నోరు మూసుకోమంటున్నాను, అందరూ అంటే ఆవిడొక్కతే, ఆవిడ వంటింట్లో గిన్నె కింద పెట్టిన చప్పుడైనా వినపడడం లేదు. అంత నమ్మకంగా నిశ్శబ్దంగా ఉంది. అదే నన్ను ఎక్కువ చంపుతోంది.

డెబ్బై మూడు. అమ్మయ్య. డెబ్బై రెండు ఎప్పుడొచ్చిందో ఎప్పుడు పోయిందో, చూడనే లేదు.

ఈ నాలుగు డిస్కుల ఏర్పాటుని రెయిడ్ అంటారు. నాకు దీని సంగతి చెప్పింది కంప్యూటర్ మెకానిక్, కుడివైపు పై దవడలో పుచ్చిన పన్నుతో వచ్చాడు, నేను వాడి నోట్లో పని చేస్తుంటే వాడు చేతులతో బొమ్మలు గీసి చెప్పాడు, నోరు ఖాళీ అయ్యాక మాటలతో చెప్పాడు. ఏ పాఠమూ ఒక్క డిస్కులో పూర్తిగా ఉండదట, ముక్కలు చేసి నలుగురికీ పంచుతుందట, పైగా ఎవరి దగ్గర ఏముందో లెక్క సరిచూసుకునే ముక్కలు కూడా కలిపి పంచుతుందట, అంచేత ఏ ఒక్కటి పోయినా మిగతా మూడూ తలకాయలు దగ్గర పెట్టుకుని పోయినవాడి దగ్గర ఉన్నదేంటో చెప్పేస్తాయట. నాకు వెంటనే అర్థమైంది, మా అత్తవారింట్లో జరిగేది ఇదే. మా ఆవిడకి ఇద్దరు అన్నలు, ఒక చెల్లెలు. వాళ్ళ నాన్న సైకిలు పోయిన కథ ఏ ఒక్కరికీ పూర్తిగా తెలియదు. పెద్దన్నకి సైకిలు ఎక్కడ పెట్టారో తెలుసు, చిన్నన్నకి తాళం ఎవరు మర్చిపోయారో తెలుసు, మా ఆవిడకి పోలీసు ఏమన్నాడో తెలుసు, చెల్లెలికి అసలు కథేమీ తెలియదు కానీ ఎవరు కోతలు కోస్తున్నారో కచ్చితంగా తెలుసు. ఎవరో ఒకరు రాకపోయినా మిగతా ముగ్గురూ గంటసేపు కొట్లాడుకుని సైకిలు కథ మొత్తం అక్షరం పోకుండా చెప్పేస్తారు. ఇద్దరు రాకపోతే మాత్రం ఇక సైకిలూ లేదు, దొంగా లేడు, మిగిలిన ఇద్దరూ మొహమొహాలు చూసుకుని టీ తాగుతారు. ఒకటి పోతే పరవాలేదు, రెండు పోతే పుట్టి మునుగుతుంది, అదీ రెయిడ్ అంటే. ఇంత బాగా అర్థమైనవాణ్ణి, పొద్దున నేను చేసిన పనేంటి.

పొద్దున ఏం జరిగిందంటే, వద్దు, తలుచుకోవద్దు, తలుచుకుంటే వేడి ఇంకా పెరుగుతుంది, పెట్టెది కాదు నాది. ఆవిడ ఆఖరి పాఠం చదవడం పూర్తి చేసి, సేవ్ కొట్టి, హమ్మయ్య అని చేతులు పైకి చాచి టీ పెట్టడానికి వెళ్ళింది. అప్పుడే తెర మీద ఎర్రగా వచ్చింది, ఒకటో డిస్కు పాడైంది, మార్చండి అని. నాకు భయం వెయ్యలేదు సరికదా ఉత్సాహం వచ్చింది. ఎన్నాళ్ళుగానో దీనికోసమే కాచుకున్నట్టు చేతులు తోముకున్నాను, అంటే నిజంగానే సబ్బుతో మోచేతుల దాకా, ఆ తర్వాత సొరుగులో దంతాల అచ్చుల మధ్య దాచిన కొత్త డిస్కు తీశాను, పెట్టెతో వచ్చిన పుస్తకం తెరిచాను, ఒకటో డిస్కు ఎడమ చివర ఉండును అని ఉంది. ఎడమ చివర. దీపాలున్న పెట్టె కొనుంటే ఏది చచ్చిందో అదే వెలిగి చూపించేది, దీపాలకి వేరే డబ్బులెందుకని నేనే వద్దన్నాను. పెట్టెకి ఎదురుగా నిలబడ్డాను. ఎడమ చివరది పట్టుకుని, ఒక్క ఊపులో, ఎంత శుభ్రంగా వచ్చిందో, రక్తం చుక్క లేదు, నా చేతివాటానికి నేనే మురిసిపోయాను. అప్పుడు పెట్టె కుయ్యోమంది.

ఎడమ అంటే పేషెంటు ఎడమ. ఇది నాకు మా ప్రొఫెసరు నేర్పలేదు, నా ఎముకల్లోకి దించాడు. కాలేజీలో మొదటి వారం, ఆయన నా ఎదురుగా నిలబడి కుడి పక్క పన్ను చూపించరా అంటే ఆయన మొహం మీద నా కుడికి వచ్చే పక్క వేలు పెట్టాను, ఆ వేలి మీద స్కేలుతో ఒక్కటిచ్చాడు. “కుడి అంటే నీ కుడి కాదురా అబ్బీ, నోరు ఎవరిదో వాడి కుడి. నీకు సొంత కుడీ ఎడమా లేవు, గుమ్మం బయట విడిచేసి రా” అన్నాడు. విడిచేశాను. అప్పటి నుంచి ఇప్పటిదాకా నాకు ఎదురుగా ఎవరున్నా వాళ్ళదే కుడి, వాళ్ళదే ఎడమ. ఆటో ఎక్కితే డ్రైవరు వీపు కనిపిస్తుంది కాబట్టి సరిపోతుంది, ఎదురుపడి దారి అడిగిన వాళ్ళని మాత్రం ఎంతమందిని ఎటు పంపించానో వాళ్ళకే తెలియాలి. ఇన్నేళ్ళ ప్రాక్టీసులో ఒక్క మంచి పన్ను పొరపాటున పీకలేదు, ఆ మాట మా వీధిలో ఎవర్నడిగినా చెబుతారు, చెప్పుకోవడానికి నాకున్న గొప్ప అదొక్కటే. ఇవాళ నా ఇంట్లో, నా చేతుల్తో, నా కళ్ళజోడు పెట్టుకుని, ఆ ఇనప్పెట్టె నాకు ఎదురుగా నోరు తెరుచుకుని కూర్చున్నట్టు అనిపించి, దాని ఎడమ అనుకుని, అంటే నా కుడి వైపుది, రాయిలా ఉన్న నాలుగోదాన్ని పీకి చేతిలో పట్టుకున్నాను. చచ్చిన ఒకటోది అరలోనే కులాసాగా ఉంది. ఒకటి పోయింది, ఒకటి పీకాను, మిగిలినవి రెండు. సైకిలూ లేదు, దొంగా లేడు.

పై ప్రాణాలు పైనే పోయాయి. గబుక్కున నాలుగోదాన్ని ఉన్నచోట గుచ్చి మెకానిక్‌కి ఫోన్ చేశాను. “సార్, మీరా? మీరు పీకారా?” అన్నాడు వాడు, నా చేతిలో పన్ను పెట్టినవాడు, ఆ గొంతులో వాడికి కలిగిన భయం కంప్యూటరు గురించి కాదు, వాడి దవడ గురించి. తర్వాత తేరుకుని, తెర మీద ఇవి ఒకదానికొకటి సరిపోవడం లేదు, అయినా కలపమంటారా అని అడుగుతుంది సార్, కలపమనండి, ఆ తర్వాత అసలు చచ్చినదాన్ని తీసి కొత్తది పెట్టండి, పోయిన ముక్కలన్నీ దాని మీద మళ్ళీ రాసుకుంటుంది, అది అయ్యేదాకా ఏదీ తెరవకండి, కాపీ చెయ్యకండి, పెట్టె అదరకూడదు, కరెంటు పోకూడదు, మధ్యలో ఇంకో డిస్కు మొండికేసిందా ఇక అంతే సంగతులు, దేవుడికి దణ్ణం పెట్టుకోండి అన్నాడు. పెట్టుకున్నాను. మా ఆవిడ టీ తెచ్చి ఏమైందంది. ఒక డిస్కు పాడైంది, మార్చాను, సాయంత్రంలోపు సర్దుకుంటుందన్నాను. అందులో ఒక్క ముక్క అబద్ధం లేదు, ఒక్క ముక్క తక్కువుంది.

ధన్. పైన. మళ్ళీ ధన్, ధన్, ధన్. ఓరి దేవుడా, పై వాటాలో వ్యాయామం మాస్టారు తాడాట మొదలుపెట్టాడు. పెట్టె మీద చెయ్యి అదురుతోంది, అదురుతున్నది పెట్టో చెయ్యో తెలియదు, రెండో చెయ్యి కూడా వేసి కావలించుకున్నాను, మోకాళ్ళతో ముక్కాలి పీటని పట్టుకున్నాను, ఫోను ఎక్కడుందో గడ్డంతో వెతికాను. మాస్టారి పై పలువరుస నేనే కట్టాను, గెంతేటప్పుడు జారిపోతుందని ఆయన దాన్ని తీసి గ్లాసులో పెట్టి గెంతుతాడు, ఫోనులో మాటకన్నా గాలీ ఉమ్మీ ఎక్కువ వస్తున్నాయి.

“మాస్టారూ, ఒక్క గంటసేపు గెంతకండి,” గుసగుసగా అన్నాను.

“ఏమైంది డాక్టరూ? కింద ఎవరికైనా ఒంట్లో బాలేదా?”

“ఆఁ. కాస్త సీరియస్సే.”

“అయ్యయ్యో. మనిషి స్పృహలో ఉన్నారా?”

డెబ్బై తొమ్మిది అన్నాను, నోరు జారి. వయసనుకున్నాడేమో, ఎవరైనా పెద్దవాళ్ళనుకున్నాడేమో, పాపం అని ఫోన్ పెట్టేసి ఇక గెంతలేదు. చప్పుడు ఆగిపోయాక నాకు కొంచెం ఏడుపొచ్చింది. పళ్ళు లేని మనిషి అంత జాలిగా పాపం అంటే ఎవరికైనా వస్తుంది.

వేడిగా ఉంది. ఎనభై నాలుగు. ఆవిడకి చెప్పేస్తే? చెప్పేస్తే ఏమవుతుంది, తిట్టదు, తిడితే బావుండును, అలాగా అంటుంది, ఆ స్టేషను గొంతుతో, చింతిస్తున్నాం అన్నట్టు, తర్వాత పుస్తకం తీసి మొదటి పేజీ తిప్పుతుంది, పుర్రె నుంచి మళ్ళీ. పరీక్ష ఈ వారం. ఎంత చదివినా మెడ దాటదు. ఆ అమ్మాయి మెడ దాకా నేర్చుకుని పరీక్ష రాస్తుంది, ఎవరైనా నడుం నొప్పని వస్తే మా డాక్టరుగారి దయవల్ల నాకు నడుం రాదండీ అంటుంది. ఇది నవ్వుకునే మాట కాదు. నాకు ఆ అమ్మాయి ముందు తల తీసేసినట్టవుతుంది, అది ఒక ఎత్తు, మా ఆవిడ ఉద్యోగం మానేశాక మళ్ళీ ఉదయాన్నే తల దువ్వుకుని మైకు ముందు కూర్చున్న ఆ నెలలన్నీ బూడిదలో పోసినట్టవుతుంది, అది ఇంకో ఎత్తు. ఉద్యోగం అయిపోయిన కొత్తలో ఆవిడ ఇంట్లో తిరుగుతూ ఎవరికీ ఏమీ ప్రకటించలేక అన్నం చల్లారింది, పాలు పొంగాయి అని గోడలకి చెప్పేది. ఈ పుస్తకం వచ్చాక ఆవిడ మళ్ళీ ఆవిడైంది. అది కూడా ఆ పెట్టెలోనే ఉంది, ఎవరికీ తెలియకుండా, ముక్కలు ముక్కలుగా.

గుమ్మం దగ్గర మాటలు. అప్పుడే వచ్చేసిందా? బస్సులు ఎప్పుడూ ఆలస్యంగా వస్తాయి కదా, ఇవాళే వేళకి రావాలా? చేతికర్ర మడిచిన టకటక, ఒక సంచి కుర్చీకి తగిలిన చప్పుడు, మా ఆవిడ గుసగుస, ఈ గుమ్మం ఎక్కువ ఎత్తు, చూసుకో. ఆ అమ్మాయి కూడా గుసగుసగానే లోపలికి వచ్చింది.

“ఇంట్లో ఎవరైనా పోయారా ఆంటీ?”

“లేదమ్మా. మీ డాక్టరుగారు పొద్దుటి నుంచి కంప్యూటరుని పట్టుకుని కూర్చుని సేవ చేస్తున్నారు.”

ఆ అమ్మాయి నవ్వింది. కింది వరసలో ముందు పన్ను ఒకటి కాస్త పక్కకి తిరిగి ఉంటుంది, దాన్ని సరిచెయ్యమని నేను ఎప్పుడూ చెప్పలేదు, నవ్వులో అది లేకపోతే ఆ అమ్మాయి కాదు. కుర్చీ వెతుక్కుని నా ఎదురుగా కూర్చుంది. ఒళ్ళో సంచి, చేతిలో పెన్‌డ్రైవు, దాన్ని తాళంచెవుల గుత్తికి తగిలించుకుంది, పోకుండా. చూశావా, నాకు లేని బుద్ధి. ఎంతసేపు పడుతుంది సార్ అని అడిగింది, తొంభై ఒకటి అయిందమ్మా అన్నాను, ఆహా అయితే మా రిజల్ట్స్ కన్నా నయం అంది. ఊరికే కూర్చోలేని పిల్ల, తన క్లాసు సంగతులు చెబుతోంది, ఒకసారి ఇంకెవరి భుజమో అనుకుని లెక్చరరు భుజం పట్టి గూడ సవరించబోయిందట, ఆయన ఏమీ అనకుండా ఆ నొప్పి కూడా ఉందమ్మా, పట్టు అన్నాడట. మా ఆవిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. నేను నవ్వడం లేదు. తొంభై ఆరు. నా చొక్కా వీపుకి అతుక్కుపోయింది. వీళ్ళిద్దరూ ఇంత హాయిగా ఉన్నారు, వీళ్ళ మధ్య పెట్టెని పట్టుకుని నేను ఒక్కణ్ణే కొండ మోస్తున్నాను. తొంభై తొమ్మిది. తొంభై తొమ్మిది. తొంభై తొమ్మిది దగ్గర ఏ పనైనా ఎందుకింత సాగదీస్తుందో కనిపెట్టినవాడికి జీవితాంతం పళ్ళు ఉచితంగా చూస్తాను.

నూరు. తెర మీద ఎర్రది పోయి, చిన్న అక్షరాలతో ఆరోగ్యంగా ఉంది అని వచ్చింది. డిస్కులకి కూడా ఆరోగ్యం అనే అంటారు. నేను పెట్టె మీంచి చెయ్యి తీశాను, తియ్యగానే వేళ్ళు కొయ్యబారిపోయాయని తెలిసింది.

మా ఆవిడ కూర్చుని మొదటి పాఠం తెరిచింది. ఒకటో అధ్యాయం, పుర్రె, అంది పెట్టె, ఆవిడ గొంతుతో, ఏ తొణుకూ లేకుండా. నేను మంచం అంచున కూలబడ్డాను. ఆవిడ ఒక్కో పాఠం తెరిచి మొదలు వినిపిస్తుంటే మెడ వచ్చింది, భుజం వచ్చింది, మోచెయ్యి, వెన్ను, తుంటి, అన్నీ వరసగా వచ్చాయి, ఆ అమ్మాయి ఒక్కోదానికీ తలాడిస్తోంది, మోకాలు కూడా వచ్చేసింది. చివరి అధ్యాయం, పాదం, అంది పెట్టె. పాదంలో మొత్తం, అంది. ఆ తర్వాత ఏమీ అనలేదు. మా ఆవిడ మళ్ళీ నొక్కింది. పాదంలో మొత్తం. మళ్ళీ నొక్కింది. పాదంలో మొత్తం.

“మొత్తం ఎన్నో చెప్పకుండా ఆగిపోతుందేంటండీ?”

“పాదం ప్రతి ఏడాదీ అడుగుతారు ఆంటీ,” అంది అమ్మాయి, నెమ్మదిగా. మొదటిసారి ఆ మొహంలో నవ్వు లేదు.

నాకు తెలుసు. తెర చూడక్కర్లేదు, మెకానిక్‌ని అడగక్కర్లేదు. ఆవిడ సేవ్ కొట్టి వెళ్ళింది, డిస్కులు ఆ పాఠాన్ని ఇంకా పంచుకుంటూనే ఉన్నాయి, నేను చేతులు తోముకుని వచ్చి ఆ పంపకం పూర్తి కాకముందే ఒకదాన్ని లాగేశాను. వేరే ఎవరి మీదైనా తోసెయ్యచ్చు. పాత డిస్కు మీద తోసెయ్యచ్చు, అది ఎలాగూ చచ్చింది, మాట్లాడదు. నోటిదాకా వచ్చింది కూడా. ఆవిడ నా వైపు తిరిగి, ఏదో తనే సరిగ్గా నొక్కలేదేమోనన్నట్టు చూస్తోంది, పొద్దున నేను సరిగ్గా సేవ్ చెయ్యలేదాండీ అంది. ఆ ఒక్క మాట నేను తట్టుకోలేకపోయాను.

“నువ్వు చేశావు. నేనే చెడగొట్టాను. పాడైనదాన్ని కాదు, ముందు బాగున్నదాన్ని పీకాను.”

మా ఆవిడ మౌసు వదిలేసింది.

“ఇన్నేళ్ళలో ఎవరికైనా మంచి పన్ను పీకారా మీరు?”

“లేదు.”

“మరి నాకే పీకాలా?”

“ఎడమ చివరదని రాసుంది. నేను ఎదురుగా నిలబడి...”

ఆ అమ్మాయి ఒక్కసారి పకపకా నవ్వింది, సంచి ఒళ్ళోంచి జారిపోయింది. “ఆంటీ, సార్‌ని ఏమీ అనకండి. ఎడమంటే పేషెంటు ఎడమే. మాకూ మొదటి రోజు నెత్తి మీద మొట్టి మరీ చెబుతారు. నేనైనా అదే పీకేదాన్ని.”

“అది పేషెంటా? పెట్టె! దానికి నోరుందా, ముక్కుందా? దానికి ఎడమేంటమ్మా?”

“పొద్దుటి నుంచి సార్ దాన్ని పట్టుకుని కూర్చున్నారని మీరే అన్నారుగా. పట్టుకుని కూర్చుంటే పేషెంటే ఆంటీ మాకు.”

మా ఆవిడ పెదాలు బిగించింది, నవ్వు ఆపుకోవడానికో కోపం ఆపుకోవడానికో, నాకు ఇన్నేళ్ళైనా తేడా తెలియదు. నిన్ను సాయంత్రం బస్సెక్కించేలోపు మళ్ళీ చదువుతాను, ఎంత, ఒక్క పాఠమే కదా అంటూ మైకు ముందుకి జరిగింది. పుస్తకం చివరికి తిప్పింది. అప్పుడు అమ్మాయి, కాస్త మొహమాటంగా, పాదంలో బొమ్మలే ఎక్కువ ఆంటీ, ఏ ఎముక పక్కన ఏదుందో వింటే ఒక పట్టాన అందదు, కాలేజీలో ఉన్న ఒక్క పాదం మోడలూ ఎప్పుడూ ఎవరో పట్టుకుపోతారు, మీరు చదువుతున్నప్పుడు చేత్తో పట్టుకు చూసుకోవడానికి ఒక పాదం ఉంటే, అని ఆగింది. మా ఆవిడ నా మొహం వైపు చూడలేదు. తిన్నగా నా చెప్పుల వైపు చూసింది.

బాత్రూంలో సబ్బుతో రెండుసార్లు కడిగాను, గోళ్ళ మధ్య బ్రష్షుతో కూడా. తువ్వాలు పరిచిన స్టూలు మీద నా కాలు, దాని ముందు నేల మీద ఆ అమ్మాయి, పక్కన మైకు, మైకు వెనక మా ఆవిడ. నోళ్ళు తెరిపించడమే తప్ప ఒకరి చేతికి ఇలా దొరికిపోవడం నాకు అలవాటు లేదు. ఎక్కడ చూడాలో తెలియక ఇంటి కప్పు వైపు చూస్తున్నాను, కప్పుకి బూజుంది, ఇన్నాళ్ళూ కనిపించలేదు. మా ఆవిడ గొంతు సవరించుకుని మొదలుపెట్టింది, పాదంలో మొత్తం ఇరవై ఆరు ఎముకలు, ఆ అంకె ఆవిడ నోట వినగానే ప్రాణం లేచొచ్చింది. మడమ ఎముక అన్నిటికన్నా పెద్దది. అమ్మాయి బొటనవేలు నా మడమని చుట్టి వచ్చింది, ఎంత గట్టి చెయ్యి, గుప్పెడు ఎముకని గోడలా తడిమి చూసింది. దాని మీద టేలస్, చీలమండ కీలు ఇక్కడే. వేలు పైకి వెళ్ళింది. దానికి ముందు, పాదం లోపలి వైపు, పడవ ఆకారంలో ఉండేది నావిక్యులర్, పాదం వంపుకి ఆధారం ఇదే, అని చదివింది మా ఆవిడ, అమ్మాయి వేలు ఆ వంపు కిందికి దూరింది. నాకు చక్కిలిగిలి అని ఎవరికీ చెప్పలేదు. పళ్ళు బిగించాను, కుర్చీ చేతులు పట్టుకున్నాను, మా ప్రొఫెసర్ని తలుచుకున్నాను. వేలు ఇంకాస్త లోపలికి నొక్కింది.

నా నోట్లోంచి వచ్చింది మనిషి అరుపులా లేదు. పైనుంచి వ్యాయామం మాస్టారు అయ్యో అన్నది కూడా కిటికీలోంచి వినిపించింది, పేషెంటు పోయాడనుకుని ఉంటాడు. నేను మైకు వైపు చూసి నాలుక కరుచుకున్నాను. ఒక్క దగ్గు వినపడితే పేజీ మొత్తం మళ్ళీ చదివే మనిషి ఆవిడ. పుస్తకం మీంచి తల ఎత్తి నన్ను చూసింది, నా ఎత్తిపెట్టిన కాలుని చూసింది, ఆ కాలు రెండు చేతుల్తో వదలకుండా పట్టుకున్న అమ్మాయిని చూసింది, చూసి నవ్వేసింది. మైకు ముందు, ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఏనాడూ నవ్వని మనిషి, కళ్ళలో నీళ్ళొచ్చేదాకా, పుస్తకం ఒళ్ళో బోర్లా పెట్టుకుని మరీ నవ్వింది. పొద్దుటి నుంచి నా గుండె మీద ఉన్నదంతా ఆ నవ్వుతో దిగిపోయింది, ఆవిడ క్షమించిందో లేదో నేను అడగలేదు.

“ఆపకండి ఆంటీ, అది అలాగే ఉంచండి,” అంది అమ్మాయి, నవ్వుతూనే. “పరీక్షలో నావిక్యులర్ ఎక్కడుందని అడిగితే, సార్ అరిచిన చోట.”

మా ఆవిడ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. పేజీ మొదటికి వెళ్ళలేదు, రికార్డింగు ఆపలేదు, తర్వాతి వాక్యం మీద వేలు పెట్టుకుని, ఇంకా సగం నవ్వు ఉన్న గొంతుతోనే, పాదం బయటి వైపు క్యూబాయిడ్ అని చదివింది. అమ్మాయి వేళ్ళు నా చిటికెన వేలి వైపు జరిగాయి. నేను కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుని, ఊపిరి బిగబట్టి, కాలు ఇంకాస్త ముందుకి చాపాను.